ఇరుసుకు చుట్టుకున్నది

మొన్న ఆదివారం కొబ్బరి పచ్చడి చేస్తుంటే మిక్సీ వేడెక్కి ఒక వాసన వదిలింది. కాగిన ఇనుము, నూనె, వాన పడబోయే ముందు మెరుపు మెరిసినప్పుడు గాలిలో ఉండే చురుకు, మూడూ కలిసిన వాసన. హాల్లోంచి మా ఆయన "ఏంటి, ఏదో మాడుతున్నట్టుంది?" అన్నాడు. "మాడటం లేదు, మొరపెట్టుకుంటోంది" అన్నాను. అనేసి, మిక్సీ మూత చేత్తో పట్టుకుని అలాగే నిలబడిపోయాను. ఆ మాట నాది కాదు. మా పై ఫ్లాట్లో ఉండిన డాక్టర్ సులోచనది. లోపల ఏదో అడ్డంపడి తిరగలేక తిరుగుతున్న మోటారు ఇలాంటి వాసన పెడుతుందనీ, అప్పుడు దాని మీద జులుం చెయ్యకుండా ఆపి, విప్పి చూడాలనీ నాకు నేర్పింది ఆవిడే. జారు విప్పి చూస్తే బ్లేడు కింద కొబ్బరి పెంకు ముక్క ఇరుక్కుని ఉంది. దాన్ని తీసి అవతల పారేశాను. పచ్చడి మాత్రం బరకగానే మిగిలిపోయింది. ఆ పూట ఇక వంట మీద మనసు నిలవలేదు.

ఆవిడను మీరెవరూ చూసి ఉండరు. అమీర్‌పేటలో కోచింగ్ సెంటర్ల బోర్డులు ఒకదాని భుజాల మీద ఒకటి ఎక్కి కూర్చోక ముందు నుంచీ అక్కడ పళ్ళ డాక్టరు. నేను ఎరిగేనాటికి క్లినిక్ మూసేసి, పెళ్ళీ పిల్లల గొడవ లేకుండా ఒక్కతే ఉండేది. భుజాల దాకా కత్తిరించిన తెల్లటి జుట్టు, ముక్కు మీదికి జారే కళ్ళద్దాలు, ఇస్త్రీ చేసిన నూలు చీర. ఆవిడతో నా పరిచయం పోట్లాటతో మొదలైంది. నా పరిచయాలు చాలావరకు అంతే. నేను గొడవ మనిషిని. పంజాగుట్టలో ఒక బీమా ఆఫీసులో ఫిర్యాదులు వినే సీట్లో కూర్చోబెట్టడానికి నన్ను ఎంచుకున్నది కూడా ఎవరెంత అరిచినా నేను ఒక అరుపు ఎక్కువే అరవగలనన్న నమ్మకంతోనే. ఆదివారం మధ్యాహ్నం కునుకు తీసే వేళకు పైనుంచి జుయ్యిమని చప్పుడు. ఆగుతుంది, మళ్ళీ మొదలవుతుంది. పళ్ళు తోడే మిషను చప్పుడు నాకు తెలుసు. ఈవిడ క్లినిక్‌ను ఇంట్లోకి తెచ్చి పెట్టిందని తీర్మానించుకుని, చీర కుచ్చెళ్ళు ఎగ్గట్టుకుని మెట్లెక్కాను.

"డాక్టరు గారూ, ఇది కాపురాలుండే బిల్డింగ్. ఇంట్లో క్లినిక్ నడపడానికి వీల్లేదు, తెలుసా?"

"నడుపుతలేనమ్మా."

"మరి ఆ డ్రిల్లు చప్పుడేంటండీ?"

"గదా? గది కారు."

"మూడో అంతస్తులో కారా?"

"నమ్మకుంటె లోపల్కి రా. చెప్పులు ఇడిచి రా. దుమ్ము నాకు దుష్మన్."

హాల్లో సోఫాలు గోడకు నెట్టి ఉన్నాయి. నేలంతా నల్లటి ప్లాస్టిక్ రోడ్డు, మెలికలు తిరిగి వచ్చి తన తోకను తానే పట్టుకుంది. రోడ్డు మీద పక్కపక్కనే రెండు సన్నటి గాళ్ళు, ఒక్కో గాడికి అటూ ఇటూ లోహపు పట్టీలు. అరచేతిలో పట్టేంత కారు, దాని కడుపు కింద చిన్న నాలుక లాంటి ముక్క. ఆ నాలుక గాడిలో దిగితే పట్టీల్లోని కరెంటు మోటారుకు అందుతుంది. చేతిలో తుపాకీ పిడి లాంటి మీట ఉంటుంది. నొక్కితే పరుగు, వదిలితే ఆగడం. స్టీరింగు లేదు. మలుపు దగ్గర మీట వదలడం తెలియకపోతే కారు గాడి తప్పి గోడకు ఎగిరి కొట్టుకుంటుంది. అంతే ఆట. మన చిన్నతనాల్లో విదేశాలకు వెళ్ళొచ్చిన మేనమామలున్న ఇళ్ళకే వచ్చిన బొమ్మలివి. ఇప్పుడు వాటిని అటకల మీద నుంచి దించి, మళ్ళీ నడిపించాలని తపించే పెద్దవాళ్ళు ఊరూరా ఉన్నారని నాకు ఆరోజే తెలిసింది. వాళ్ళంతా బాగు చేయడానికి ఈవిడకు పంపేవాళ్ళట.

"ఈ వయసులో బొమ్మ కార్లేంటండీ?" అన్నాను.

"ఈ వయసుల కొట్లాటలేందమ్మా?" అంది, తల ఎత్తకుండానే.

అప్పుడు చూశాను, ఆవిడ కుడిచెయ్యి సన్నగా వణుకుతోంది. నా చూపు పసిగట్టింది. "గందుకే క్లినిక్ బంద్ చేసిన. నోట్ల చెయ్యి వణికితె మనుషులు ఊకుంటరా? కార్లయితె ఏమనవు. ఏదీ, నీ చేతులు చూపియ్యి." ఎందుకు చాపానో తెలియదు, చాపాను. పైకీ కిందికీ తిప్పి చూసింది. "నోరు ఆగది గని చేతులు మంచిగ ఆగుతున్నయి. వచ్చే ఆదివారం రా." పోట్లాడటానికి వెళ్ళినదాన్ని పనికి కుదిరి తిరిగొచ్చాను. మా ఆయన "గెలిచావా?" అని అడిగితే "వచ్చే ఆదివారం మళ్ళీ వెళ్ళాలి" అన్నాను.

ఆవిడ పనికి ఒక వరస ఉండేది. ఎంత మురికి పట్టిన కారైనా రాగానే విప్పనిచ్చేది కాదు. ముందు గాడిలో పెట్టి నడవనివ్వాలి. ఆగి ఆగి నడిచినా, మూలిగినా, వంకరగా పోయినా, చివరిదాకా పోనిచ్చి చెవి పెట్టి వినాలి. ఆ తర్వాతే విప్పడం. నాకు ఓపిక లేదు. కారు చేతికి రాగానే స్క్రూడ్రైవరు అందుకునేదాన్ని. చేతి మీద చిన్నగా ఒకటి వేసి, నా వాదనలకు పెట్టిన పేరుతో పిలిచేది. "లాయర్ సాబ్, జర ఆగు. గది తన కత చెప్పకముందే పొట్ట కోస్తవా?" విప్పాక పళ్ళ డాక్టరు సామానంతా బల్ల మీదికి వచ్చేది. పుచ్చు గీకే కొక్కెంతో చక్రాల పళ్ళల్లో గట్టిపడ్డ జిడ్డు తీసేవాళ్ళం. నోట్లో పెట్టే చిన్న అద్దంతో మోటారు వెనక చూసేవాళ్ళం. రాగి మీద పట్టిన మసిని పెన్సిలు రబ్బరుతో తుడిచి, పై డొప్పను పసిపిల్లల బ్రష్షుతో సబ్బునీళ్ళలో కడిగేవాళ్ళం. స్పిరిట్ ముట్టనిచ్చేది కాదు, పాత రంగును అది తినేస్తుందని. గీతల జోలికి అసలు పోనిచ్చేది కాదు. ఆడేటప్పుడు పడిన గీత కారుది, మూల పడ్డాక పట్టిన మురికి మాత్రమే మనం తియ్యాల్సింది, అని ఆవిడ సిద్ధాంతం. ఒకసారి విజయవాడ నుంచి ఒకాయన ఫోన్ చేసి, పై డొప్ప వెలిసిపోయింది, కొత్తదానిలా రంగు కొట్టి ఇమ్మన్నాడు. "గా ముందర సొట్ట ఎట్ల పడ్డదో మీకు యాదికున్నదా?" అని అడిగింది. ఆయన ఆలోచించి, మా నాన్న మెట్ల మీద నుంచి దొర్లించాడండీ, అన్నాడు. "మరి నేను దాన్ని సాఫ్ చేసి రంగేస్తె మీ నాయన యాడికి పోవాలె?" అయితే ఉన్నది ఉన్నట్టే పంపండి, అన్నాడు.

అన్నిటికన్నా నన్ను చికాకు పెట్టింది పొట్లాల వ్యవహారం. ఈ కార్లు నేలబారున పరిగెత్తేవి కాబట్టి, ఇంట్లో వాళ్ళ తల వెంట్రుకలూ, తివాచీ పోగులూ వెనక చక్రాల ఇరుసుకు చుట్టుకుపోతాయి. ఏ కారు విప్పినా ఒక చుట్ట ఉంటుంది. పట్టకారుతో దాన్ని తీయడం అసలైన పని. అది తీస్తేగాని చక్రం తేలికగా తిరగదు. ఎవరైనా ఏం చేస్తారు? చెత్తబుట్టలో వేస్తారు. ఈవిడ పల్చటి తెల్లకాగితంలో మడిచి, పైన కారు యజమాని పేరు రాసి, కారుతో పాటు పెట్టెలో పెట్టి పంపేది.

"చెత్త కూడా కొరియరా, డాక్టరమ్మా?"

"చెత్తనా కాదా చెప్పనీకె నేనెవరు? వాళ్ళ కారుల నుంచి ఎల్లింది వాళ్ళకే పోవాలె."

"ఎవరి జుట్టో ఏమో, ఛీ!"

"మనకు ఎవలదో. వాళ్ళకు తెల్వదా?"

ఇది పనికిమాలిన పని అని ఆవిడకు పూర్తిగా నిరూపించాను. పరిశుభ్రత దగ్గర మొదలుపెట్టి తర్కం దాకా వెళ్ళాను. ఆవిడ మధ్యలో ఒక్కసారి కూడా అడ్డు రాకుండా అంతా విని, "అయిపోయిందా? గా పొట్లం మడువు" అంది. మడిచాను.

ఆదివారాలు అలా గడుస్తుంటే, ఆఫీసులో నా సీటు దగ్గర ఏదో మారుతోందని నేను గమనించలేదు. బోరబండ నుంచి ఒకాయన వచ్చి ఒకరోజు ఫ్లోరంతా దద్దరిల్లేలా అరిచాడు. రెండో వాక్యానికే అడ్డుపడి నోరు మూయించడం నా పద్ధతి. సమాధానం కూడా నాలుక మీద సిద్ధంగా ఉంది. కాని ఆరోజు ఎందుకో, ముందు నడవనియ్యి అన్న ఆవిడ గొంతు వినబడింది. ఆయన్ను చివరిదాకా అరవనిచ్చాను. అరిచి అలిసి, గొంతు తగ్గాక అసలు సంగతి బయటికొచ్చింది. మేము పంపిన కాగితం ఆయనకు చదవడం రాదు. చదివి చెప్పమని అడగడానికి సిగ్గు. అరవడానికి సిగ్గు లేదు. కుర్చీ చూపించి చదివి చెప్పాను. ఇలాంటి అరుపులను అంతకు ముందు ఎన్నిటిని మొదట్లోనే కోసి పడేశానో, అవి ఏ మాట దగ్గర ఆగేవో, ఇప్పుడు తెలిసే దారి లేదు.

ఆ ఇంట్లో అద్దాల బీరువా పై అరలో ఒక ఎర్రకారు ఉండేది. దుమ్ము దుష్మన్ అన్న మనిషి ఇంట్లో ఆ ఒక్కదాని మీదే దుమ్ము. చాలాకాలం ఊరుకుని ఒక మధ్యాహ్నం అడిగేశాను, దీన్నెందుకు విప్పరు అని. "గది నాది కాదు. మా అన్నది" అంది. చాయ్ కప్పులు రెండూ నింపుకుని వచ్చి కూర్చున్నాక మిగతాది చెప్పింది.

వాళ్ళ మేనమామ లండన్లో చదువుకుని వస్తూ తెచ్చాడట ఈ రోడ్డునూ, రెండు కార్లనూ. ఎర్రది అన్న ప్రభాకర్‌ది, నీలందానితో అన్న స్నేహితులు ఆడేవాళ్ళు. ఈవిడ మీట ముట్టుకోబోతే నాన్న, "ఆడపిల్ల చేతిల కరెంటెందుకు" అన్నాడు. అందుకని ఈవిడను మలుపు దగ్గర కూర్చోబెట్టారు. గాడి తప్పి ఎగిరిపడ్డ కారును మళ్ళీ గాడిలో పెట్టడం, సాయంత్రం తుడిచి పెట్టడం ఈవిడ పని. రోడ్డు వేసిన హాల్లోనే వాళ్ళమ్మ తలంటుకున్న రోజు జుట్టు ఆరబోసుకుని చిక్కు తీసుకునేది. ఎర్రకారు నడుస్తూ నడుస్తూ మొరాయించేది. "అమ్మా, నీ ఎంటికలు!" అని అన్న అరిచేవాడు. "మీ రోడ్డే నా ఎంటికల మీదికొచ్చిందిరా" అని అమ్మ నవ్వేది. పిన్నీసు పట్టుకుని వాటిని తీసేది ఈవిడే. అన్న హాస్టలుకు వెళ్ళే ముందు చివరి ఆటలో కూడా అలాగే కారు ఆగిపోయింది. "సులూ, తీసి పెట్టు, అన్న వచ్చినంక ఆడుకుంటడు" అంది అమ్మ. రేపు తీస్తానంది ఈవిడ. అన్న వచ్చేసరికి మీసాలు వచ్చాయి, బొమ్మలు అటకెక్కాయి. అమ్మ పోయాక అటక మీద పెట్టె ఈవిడ తెచ్చుకుంది. నీలంకారును నడిపించింది, నాకు పని నేర్పింది కూడా దాని మీదే. ఎర్రకారును మాత్రం తిరగేసి టార్చి వేసి చూసి, మళ్ళీ అరలో పెట్టేసింది.

"అమ్మ పోయేనాటికి తల ముగ్గుబుట్ట" అంది. "దీంట్ల నల్లగున్నది."

నేను చాయ్ తాగేశాను.

ప్రభాకర్ గారు రిటైరైన ఇంజనీరు, శ్రీనగర్ కాలనీలో కొడుకు దగ్గర ఉండేవారు. ఆయనకు పక్షవాతం వచ్చింది. కుడివైపంతా పడిపోయింది, మాట పోయింది. ఈవిడ రోజూ ఆటోలో వెళ్ళి వచ్చేది. ఒక సాయంత్రం తిరిగి వస్తూ పైకి వెళ్ళకుండా మా తలుపు కొట్టింది. మంచం అంచున దుప్పటిని మడిచి పట్టుకుని ఆయన ఎడమచేతి బొటనవేలితో నొక్కి వదులుతున్నాడట, నొక్కి వదులుతున్నాడట. నర్సు, తిమ్మిరేమో అని చెయ్యి రుద్దుతోందట. "ఎవలకు సమజ్ కాలే. నాకయింది" అంది. "రేస్ అడుగుతుండు." మళ్ళీ ఇంకోసారి వస్తే మనిషి ఉండడని వాళ్ళ డాక్టర్లు చెప్పేశారు. ఈవిడ వణుకు అప్పటికి మోచేతి దాకా పాకింది, చాయ్ కప్పు రెండు చేతులతో పట్టుకునేది. "ఇద్దరిల ఎవలు ముందు పోతమో తెల్వది. గంతలనే ఒక్క ఆట అయిపోవాలె, విజయా. ఆయన కారుతోని ఆయన. నా చేతిల మీట." పుట్టి బుద్ధెరిగాక ఆవిడ అన్నతో ఒక్క ఆట ఆడలేదని నాకు అప్పుడు తట్టింది.

ఆ ఆదివారం ఎర్రకారు కిందికి దిగింది. నేను వెళ్ళేసరికే గాడిలో ఉంది. విప్పిన జాడ లేదు. ఇరుసు దగ్గర నూనె మాత్రం మెరుస్తోంది. మీట నొక్కింది. కారు జానెడు పోయి, గుర్రుమని, ఆ వాసన వదిలింది. మళ్ళీ ఒక చుక్క నూనె వేసింది. మళ్ళీ నొక్కింది. వాసన గదంతా కమ్ముకుంది.

"డాక్టరమ్మా, మొరపెట్టుకుంటోంది."

"మస్తు దినాలైంది కదా, గట్లనే ఉంటది. తిరిగి తిరిగి వదులైతది."

"వేరేవాళ్ళ కారైతే ఈ మాట అంటారా?"

"లాయర్ సాబ్, నోరు ముయ్యి."

"ముయ్యను. వెంట్రుక తియ్యకుండా నూనె పోస్తే, నానబెట్టి బిగించినట్టే అని చెప్పింది మీరే. ఈ మోటారు కాలిపోతే ఇలాంటిది మళ్ళీ ఎక్కడా దొరకదు, అదీ మీరే చెప్పారు. ఈ కారు నడిచేది మీ అన్న కోసమా, మీ అమ్మ కోసమా? ఇద్దరి కోసమూ నడవదండీ ఇది."

ఆవిడ లేచి, కారు తీసుకుని లోపలి గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుంది. నేను మెట్లు దిగి వచ్చేశాను. ఆ మాట అన్నందుకు నాకు అప్పుడూ విచారం లేదు, ఇప్పుడూ లేదు. కాని ఆ వారమంతా పైనుంచి చిన్న చప్పుడు లేదు. ఒకప్పుడు ఆ చప్పుడు మీద పోట్లాటకు వెళ్ళినదాన్ని, అది లేకపోవడాన్ని వింటూ కూర్చున్నాను.

శనివారం మధ్యాహ్నం ఆవిడే దిగివచ్చింది. ఒక చేతిలో ఎర్రకారు, ఇంకో చేతిలో పట్టకారు. మా భోజనాల బల్ల మీద తెల్ల టవలు పరిపించింది. "చేతులు కడుక్కో" అంది. నేను కూర్చున్నాక, నా ముందు కారు పెట్టి చెప్పింది: "నాతోని కాదు. వణుకు ఒక సాకు. చెయ్యి మంచిగున్నప్పుడే తియ్యలే నేను." కిటికీ వెలుగు చాలకపోతే టార్చి పట్టుకుంది; టార్చి వెలుగు వణుకుతుంటే మోచేతిని బల్లకు ఆనించి, ఆ చేతిని రెండో చేత్తో అదిమి పట్టింది. కత్తిరించకు, అంది. చుట్టుకున్న వైపుకు ఎదురుగా తిప్పుతూ, తెగకుండా, ఒక్కో చుట్టు వదిలించాలి. నూనెలో నాని ఇరుసును కరుచుకుని ఉంది. చక్రాన్ని వెనక్కి తిప్పుతూ లాగుతుంటే మొదట ఎర్ర తివాచీ పోగొకటి వచ్చింది. తర్వాత వెంట్రుక. అది వస్తూనే ఉంది. బల్ల అంచు దాటి, ఒళ్ళో పడి, ఇంకా వస్తోంది. ఆవిడ దాని కొస పట్టుకుని దూదితో నూనె తుడిచి, టవలు మీద చాచింది. నల్లగా, నిగనిగలాడుతూ, మొన్న తలంటుకున్నట్టే ఉంది.

"గింత పొడుగుండెనా అమ్మ జుట్టు" అంది. నాతో కాదు.

వేలితో చక్రాన్ని తట్టాను. ఆగకుండా తిరిగింది. ఆవిడ ఆ తిరుగుడును చూస్తూ కాగితం అందుకుంది. వెంట్రుకను మెల్లగా చుట్టి, మడిచి, నన్ను కలం అడిగి, వంకర టింకర అక్షరాలతో పైన రాసింది: ప్రభాకర్.

"అదేంటండీ? ఆయనకిచ్చేస్తారా? ఇన్నాళ్ళు దాచుకున్నది మీరు! పోనీ సగమైనా ఉంచుకోండి, ఎవరు చూడొచ్చారు?"

"నేను చూస్త కదా" అంది. "కారు ఆయనది, విజయా."

దాని మీద చాలా వాదించాను. తల్లి ఇద్దరికీ తల్లే కదా అన్నాను. తీసి పెట్టమని అమ్మ చెప్పింది మీకే కదా అన్నాను. అంతా విని, పొట్లం చేతిసంచిలో పెట్టుకుని, రేపు పొద్దున తయారుగా ఉండమని చెప్పి వెళ్ళిపోయింది.

పొద్దున్నే ఆటోలో, రోడ్డు ముక్కల పెట్టె నా ఒళ్ళో, కార్ల పెట్టె ఆవిడ ఒళ్ళో. పంజాగుట్ట చౌరస్తాలో ఎప్పటిలాగే ఇరుక్కుపోయాం. పైన మెట్రో పోతుంటే ఆవిడ తలెత్తి చూసి, "గది సుత గాడిల పోయేదే" అని ఆ రోజుకు ఒక్కసారి నవ్వింది. శ్రీనగర్ కాలనీలో ప్రభాకర్ గారిని చక్రాల కుర్చీలో హాల్లోకి తెచ్చారు. పొడుగాటి మనిషి, ముఖం ఒక పక్కకు జారి ఉంది. రోడ్డు పరిచి నేను ఆయన ఎడమచేతిలో మీట పెట్టబోతుంటే ఈవిడ ఆపింది. ముందు పొట్లం ఇచ్చింది. "అన్నా, నీ కారుల నుంచి ఎల్లింది. నీది." ఆయన ఒంటిచేత్తో విప్పలేకపోతే నేను కాగితం అంచు పట్టుకున్నాను. చూశాడు. చాలాసేపు చూశాడు. జారిన పెదవి కదిలింది. "అ... మ్మా" అన్నాడు. ఊపిరి తీసుకుని, "ఎం... టికలు" అన్నాడు. పక్షవాతం వచ్చాక ఆయన నోట వచ్చిన మాటలు అవేనని ఆయన కోడలు తర్వాత చెప్పింది.

సులోచన గారు ఏడుస్తారని అనుకున్నాను. "అవునన్నా" అంది, చిన్నపిల్ల పెద్దవాళ్ళ మీద చాడీ చెప్పినట్టు. "ఎప్పుడు గట్లనే చేస్తది." పొట్లాన్ని మళ్ళీ మడిచి ఆయన చొక్కా జేబులో పెట్టింది.

నేను మలుపు దగ్గర నేల మీద కూర్చున్నాను. ఆవిడ కూర్చునే చోటు అది. ఆట మొదలైంది. ఆవిడ వణుకు మీటలోకి దిగి, నీలంకారు గుర్రప్పిల్లలా ఎగిరెగిరి పడుతూ పోయింది. మొదటి మలుపులోనే గాడి తప్పింది. నేను తీసి మళ్ళీ పెట్టాను. ఎర్రకారు నున్నగా తిరుగుతోంది, బొటనవేలు మలుపులను మరిచిపోలేదు. ఆవిడ మళ్ళీ తప్పింది, మళ్ళీ పెట్టాను. అప్పుడు ఎర్రకారు నెమ్మదించింది. తిన్నని దారిలో కావాలనే నిదానంగా పోతూ నీలందాన్ని ముందుకు పోనిచ్చింది. ఆవిడ మీట వదిలేసింది. ఆయనా వదిలాడు. రెండు కార్లూ ఆగాయి.

"ఏందన్నా? గెలిపిస్తున్నవా? చెయ్యి వణుకుతుందని బిచ్చమేస్తున్నవా నాకు?" గొంతు గది దాటి వీధిలోకి వినబడి ఉంటుంది. "గిన్నేండ్లకు మీట చేతికొస్తె, ఆడనియ్యవా నన్ను? మంచిగ ఆడు!"

ఆయన చెల్లెలి వైపు చూశాడు. తర్వాత నొక్కాడు. ఎర్రకారు నా మోకాలి పక్కనుంచి దూసుకుపోయింది, గాలి తగిలింది. ఆవిడ కూడా నొక్కింది, పళ్ళు బిగించి, రెండు చేతులతో మీట పట్టుకుని. కారు ఊగింది, తూలింది, కాని ఆ చివరి చుట్టులో గాడి తప్పలేదు. అయినా ఎర్రకారే ముందు చేరింది. ఆవిడ మీట నేల మీద పెట్టి, నుదుటి చెమట తుడుచుకుంది. "ఓడిపోయిన" అంది నా వైపు తిరిగి. ఆవిడ ముఖం అంత తేటగా నేను ఎప్పుడూ చూడలేదు. "మస్తు మంచిగ ఓడిపోయిన, విజయా."

ఆ వానాకాలంలోనే ప్రభాకర్ గారు పోయారు. జేబులోని పొట్లం ఆయనతోనే పంపించారట. డాక్టరమ్మ ఆ తర్వాత ఎక్కువ కాలం లేదు. మంచం పట్టకముందే నన్ను పిలిచి, వచ్చి ఉన్న కార్లు ఏవి ఎవరికి పంపాలో చెప్పింది. ఎర్రకారు మేనల్లుడికి. రోడ్డు ముక్కల పెట్టె నా ముందుకు జరిపి, నీలంకారు నా చేతిలో పెట్టి, "గిది నీది. ఊకె చూసుకుంట కూసోకు, నడుపు" అంది. సామాను ఎవరికి అని నేను అడగలేదు, ఆవిడ చెప్పలేదు. మర్నాడు పట్టకార్లూ కొక్కేలూ అద్దమూ ఉన్న డబ్బా మా బల్ల మీద ఉంది.

ఇప్పటికీ కార్లు వస్తుంటాయి. వచ్చిన కారును ముందు నడవనిస్తాను. ఫోన్లో పోట్లాడతాను, రంగు వెయ్యమనే వాళ్ళతో మరీను. నా గొడవలేమీ తగ్గలేదు. కాకపోతే అవతలివాళ్ళు చెప్పేది పూర్తయ్యాకే మొదలుపెడతాను. పొట్లాలు పంపుతాను. ఈ చెత్తేంటి మేడమ్ అని కసిరినవాళ్ళున్నారు. కసిరి ఫోన్ పెట్టేసి, ఒక గంట తర్వాత మళ్ళీ చేసి, అది ఎవరి జుట్టో చెప్పినవాళ్ళూ ఉన్నారు.

కాని నీలంకారును మాత్రం ఆవిడ పోయాక విప్పలేదు. నడుపుతాను. ఈమధ్య మందగించింది. టైర్లు గట్టిపడ్డాయని నాకు నేను చెప్పుకుంటున్నాను. ఆ టైర్లు నా చేతులతో మార్చినవే. మొన్న పచ్చడి వదిలేసి, హాల్లో రోడ్డు పరిచి, దాన్ని గాడిలో పెట్టాను. పక్క గాడి ఖాళీ. రెండు చుట్లు తిరిగేసరికి మలుపు దగ్గర గుర్రుమంది. వంటింటి వాసనే, ఈసారి హాల్లో. తిరగేసి టార్చి వేశాను. చూడకముందే తెలుసు. ఇరుసు మీద తెల్లటి చుట్ట, మెరుస్తోంది. ఏళ్ళ తరబడి పై ఫ్లాట్లో నేల మీద వంగి కూర్చుని పని చేసిన మనిషిది.

వాదించాను. తియ్యను అన్నాను. నెమ్మదిగానైనా నడుస్తోంది కదా అన్నాను. మీరు ఎన్నేళ్ళు తియ్యకుండా దాచుకున్నారు డాక్టరమ్మా, నాకు ఆ మాత్రం హక్కు లేదా అన్నాను. ఎదుటినుంచి జవాబు లేదు, గెలుస్తున్నాను. అలాంటి గెలుపును ఆవిడ ఏమనేదో నాకు తెలుసు. డబ్బాలోంచి పట్టకారు తీసి, చేతులు కడుక్కుని, చక్రాన్ని వెనక్కి తిప్పుతూ, తెగకుండా, ఒక్కో చుట్టు వదిలించాను. పెద్ద పొడుగేం లేదు, భుజాల దాకా ఉండే జుట్టే కదా. కాగితంలో మడిచాను. మంచిగానే ఓడిపోయాను. పైన పేరు రాయడానికి కలం తీసి, ఒక్క క్షణం ఆగి, నా పేరే రాసుకున్నాను. కారు నాది.